ఉగ్గాని చల్లారకముందే

ముందుగా ఒక కన్ఫెషన్. నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియమే. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అది కూడా మార్కుల కోసం చదివిందే. ఇప్పుడు ఈ వ్యాసం కూడా ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మారే కీబోర్డ్‌తోనే రాస్తున్నాను. తప్పులుంటే క్లబ్ ఎడిటర్లు దిద్దుతారనే ధైర్యం.

ఇంకో కన్ఫెషన్ కూడా ఉంది. అది కొంచెం కష్టమైనది. టాకో అంటే ఏంటో నాకు తొమ్మిదో క్లాసులోనే తెలుసు. రామెన్‌లో గుడ్డు ఎంత ఉడకాలో కొరియన్, జపనీస్ వీడియోలు చూసి చెప్పగలను. కానీ 'ఉగ్గాని' అనే మాట పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా వినలేదు. విన్న రోజు నవ్వాను. ఈ వ్యాసం ఆ నవ్వు గురించే.

ఫస్ట్ ఇయర్ అయిపోయాక మేం ఐదుగురం కాలేజీ బయట రూమ్ తీసుకున్నాం. అందులో ఒకడిది కర్నూలు వైపు. ఊరి నుంచి వచ్చేటప్పుడు వాడు ఒక పెద్ద సంచీ నిండా బొరుగులు తెచ్చుకునేవాడు. మా వైపు వాటిని మరమరాలు అంటాం. మాకు తెలిసి వాటితో చేసేది ఒకటే, బీచ్‌లో పొట్లం కట్టి అమ్మే మసాలా మిక్చర్. వాడు మాత్రం ఆదివారం పొద్దున్నే లేచి ఆ బొరుగుల్ని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లేవాడు. అదే ఉగ్గాని. ఐదుగురికీ చేసేవాడు. ఎవరూ అడక్కుండానే.

మేం నలుగురం ఆదివారం ఆరింటికి క్రికెట్‌కి వెళ్ళేవాళ్ళం. ఎనిమిదింటికి వస్తామని చెప్పి తొమ్మిదిన్నరకి వచ్చేవాళ్ళం. అప్పటికి గిన్నెలో ఉన్నది చల్లారి, ముద్ద కట్టి, సాగుతూ ఉండేది. రెండోసారో మూడోసారో నేను దానికి 'వెట్ పాప్‌కార్న్' అని పేరు పెట్టాను. అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ పేరు వాట్సాప్ గ్రూప్‌లో స్టిక్కర్ కూడా అయింది. ఒక నెల తర్వాత గమనించాం, ఆదివారాలు మ్యాగీ తింటున్నామని. బొరుగుల సంచీ అటక మీద అలాగే ఉంది. ఎందుకు మానేశావురా అని మాలో ఎవరూ అడగలేదు.

ఇక ట్రిప్ సంగతి. బేలం గుహలు చూద్దామని రాత్రి రైలెక్కి తెల్లారేసరికి నంద్యాలలో దిగాం. అక్కడి నుంచి కారు మాట్లాడుకున్నాం. ప్లాన్ మొత్తం నాది. ఎక్కడ ఏం తినాలో కూడా ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్నా. హైవే మీద నాలుగున్నర స్టార్ల రెస్టారెంట్, ఏసీ హాల్, మెనూలో నూట యాభై ఐటమ్స్. అయితే బయల్దేరడం లేటయింది. బనగానపల్లె దాటాక ఆకలి ఆగలేదు. డ్రైవర్ అన్న ఒక రేకుల షెడ్డు ముందు కారు ఆపేశాడు. "ఇక్కడ తినండి నాయనా, ముందుకు పోతే ఏమీ దొరకదు" అన్నాడు. నాలుగు బెంచీలు, ఒక పెద్ద బాణలి, గోడకి బ్లాక్‌బోర్డ్. బోర్డ్ మీద సుద్దతో మూడే మాటలు. అందులో రెండు అప్పటికే చెరిపేసి ఉన్నాయి. మిగిలింది ఉగ్గాని-బజ్జి.

నిజం చెప్పాలంటే నేను ఫోన్ తీసి ఆ హోటల్ రేటింగ్ వెతికాను. దొరకలేదు. మ్యాప్‌లో అది లేనే లేదు. మా రూమ్మేట్ మాత్రం ఏమీ మాట్లాడకుండా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

వేడి వేడి ఉగ్గాని, పక్కన అప్పుడే బాణలి నుంచి తీసిన మిరపకాయ బజ్జీలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మేం నలుగురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మెత్తగా ఉంది కానీ ముద్దగా లేదు. ఒక్కో బొరుగూ విడివిడిగా ఉంది. నిమ్మరసం పులుపు, పుట్నాల పొడి కమ్మదనం, మధ్యలో బజ్జీ కొరికితే కారం. ఇది మా రూమ్‌లో తిన్నది కాదు. నేను ఆ హోటల్ పెద్దమ్మని, ఇంత బాగా ఎలా వస్తుందని అడిగాను. ఆవిడ బజ్జీలు వేస్తూనే చెప్పింది: "ఏముంది నాయనా, బొరుగులు నీళ్ళలో ఎక్కువసేపు పెట్టగూడదు. గబుక్కున పిండెయ్యల్ల. చేసినాక వెంటనే తినెయ్యల్ల. చల్లారితే ముద్దయితాది, దాన్ని ఎవరు తింటారు?"

ఎవరు తింటారు? మేం తిన్నాం, నెలల పాటు. అంటే వాడు చేసింది బాగానే ఉండేది. మేం గంటన్నర లేటుగా వచ్చేవాళ్ళం. వాడు మా కోసం తినకుండా ఆగేవాడు. పాడు చేసింది మేము, పేరు పెట్టిందీ మేమే.

నేను వాడి వైపు చూశాను. వాడు బజ్జీ తింటూ, "ఇంకో ప్లేట్ చెప్పరా, మళ్ళీ దొరకదు" అన్నాడు. అంతే.

*

ఇప్పుడు నా అభిప్రాయానికి వస్తాను. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు కనీసం ఒక్క పూటైనా మనకి తెలియని, ఆ ఊరివాళ్ళు రోజూ తినే తిండి తినాలి. చిన్న హోటల్లో, వాళ్ళు తినే పద్ధతిలో, వాళ్ళు తినే టైమ్‌లో. ఇదేదో థ్రిల్ కోసం చెప్పడం లేదు. అలా తినకపోతే ఆ ఊరి మనిషి మన పక్క మంచం మీద పడుకుంటున్నా మనకి అర్థం కాడు కాబట్టి చెప్తున్నాను.

మనం ఎందుకు తినం? సీఎస్ఈ వాళ్ళకి దీనికి సమాధానం సిలబస్‌లోనే ఉంది. మల్టీ-ఆర్మ్‌డ్ బాండిట్ ప్రాబ్లమ్ చెప్పేటప్పుడు తరచూ ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి రెస్టారెంటే. తెలిసిన చోటికే వెళ్ళాలా (ఎక్స్‌ప్లాయిట్), కొత్త చోటు ప్రయత్నించాలా (ఎక్స్‌ప్లోర్)? ఎప్సిలాన్-గ్రీడీ అనే తేలికైన పద్ధతి ఏం చెప్తుందంటే, ఎక్కువసార్లు తెలిసిన వాటిలో మంచిదాన్నే ఎంచుకో, కానీ ఒక చిన్న శాతం మాత్రం గుడ్డిగా కొత్తదాన్ని ట్రై చెయ్యి. ఎప్సిలాన్ సున్నా పెడితే మొదట్లో దొరికినదాని దగ్గరే ఆగిపోతావు. అంతకంటే మంచిది పక్క వీధిలో ఉన్నా తెలియదు. ప్రయాణాల్లో మనలో చాలామందికి ఎప్సిలాన్ సున్నా. ఏ ఊరెళ్ళినా ఫ్రైడ్ రైస్, చికెన్ 65, బటర్ నాన్. ఊరు మారుతుంది, ప్లేట్ మారదు.

యాప్‌లు దీన్ని ఇంకా ఎక్కువ చేస్తాయి. రికమెండేషన్ సిస్టమ్స్‌లో కోల్డ్ స్టార్ట్ అని ఒక సమస్య ఉంటుంది. కొత్త ఐటమ్‌కి డేటా ఉండదు కాబట్టి సిస్టమ్ దాన్ని చూపించదు. చూపించదు కాబట్టి ఎవరూ క్లిక్ చెయ్యరు, క్లిక్ చెయ్యరు కాబట్టి డేటా రాదు. ఆ రేకుల షెడ్డు హోటల్‌కి జరిగింది అదే. అక్కడ తినే లారీ డ్రైవర్లు, కూలీలు, స్కూల్ టీచర్లు ఎవరూ స్టార్లు ఇవ్వరు. వాళ్ళ రివ్యూ ఏంటంటే రేపు మళ్ళీ రావడం. ఆ డేటా మన ఫోన్‌లోకి ఎప్పటికీ రాదు. బోర్డ్ మీద చెరిపేసిన రెండు ఐటమ్స్ ఉన్నాయి చూడండి, అంతకంటే మంచి రేటింగ్ ఏముంటుంది?

అయితే వేరే ప్రాంతం తిండిని చూసి మూతి విరవడం యాప్‌లతో మొదలవలేదు. 15వ శతాబ్దపు శ్రీనాథుడు పలనాడు వెళ్ళి అక్కడి జొన్నకూడు తినలేక విసుక్కున్నట్టు ఆయన పేరు మీద చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. ఇంటర్ తెలుగు క్లాసులో అవి విని తెగ నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అది మన సాహిత్యంలో చాలా పాత వన్-స్టార్ రివ్యూ అనిపిస్తుంది. సన్నన్నం అలవాటైన పెద్ద కవి కష్టం ఆరు వందల ఏళ్ళ తర్వాత కూడా మనకి గుర్తుంది. ఆ జొన్నలు పండించి, దంచి, వండి, వచ్చిన అతిథికి ముందు పెట్టిన పలనాటి ఇల్లాలు ఏమనుకుందో చెప్పే పద్యం మాత్రం నేను వినలేదు. కవిత్వం బాగుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ కథలో నేను ఎవరి వైపున్నానో ట్రిప్ తర్వాత మారింది.

ఎందుకంటే ఏ ప్రాంతం తిండీ ఊరికే అలా ఉండదు. దాని వెనక వాన ఉంటుంది, నేల ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అలాంటి చోట కాలవ నీళ్ళు లేకుండా వరి ఎలా పండుతుంది? జొన్న, కొర్ర, రాగి పండుతాయి. చెనక్కాయ పండుతుంది. అందుకే అక్కడ సంగటి ఉంటుంది, అందుకే పక్కన చెనక్కాయల ఊరిబిండి ఉంటుంది. ఉగ్గాని కూడా అంతే, పొరుగుతో కలిసి పుట్టిన తిండి. కర్ణాటకలో దావణగెరె వైపు దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు, అక్కడా మిరపకాయ బజ్జీతోనే తింటారు. కన్నడలో ఒగ్గరణె అంటే తాలింపు. ఒగ్గరణె, ఉగ్గాని. ఈ రెండు మాటలూ చుట్టాల్లాగా వినిపించడం లేదూ? రాష్ట్రాల మధ్య గీత మ్యాప్‌లో ఉంది, బాణలిలో లేదు.

*

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నాకు నేనే చెప్పుకుంటున్నది కూడా. ఇలాంటి తిండిని మనం 'అడ్వెంచర్' అనకూడదు. రీల్స్‌లో చూస్తుంటాం, ఎవరి ఇంట్లోనో రోజూ తినే కూరని పట్టుకుని 'నేను ధైర్యం చేసి తిన్నాను' అని కళ్ళు పెద్దవి చేసి చూపించడం. ఎదుటివాడి టిఫిన్ మన సాహసం కాదు. అది వాళ్ళకి ఆదివారం పొద్దున. 'వెట్ పాప్‌కార్న్' అన్నప్పుడు నేను చేసింది కూడా ఆ రీల్ లాంటిదే, కెమెరా లేదంతే.

అలాగని అన్నీ నచ్చాలని లేదు. ఆ రోజు మధ్యాహ్నం సంగతి కూడా చెప్తాను. బేలం గుహలు 3,229 మీటర్ల పొడవు, మనల్ని పోనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటర్ దాకా. లోపల భయంకరమైన ఉక్క. బయటికొచ్చేసరికి చొక్కాలు పిండుకునేలా ఉన్నాయి. మళ్ళీ ఒక చిన్న హోటల్, ఈసారి రాగి సంగటి. నేను ఇడ్లీ తిన్నట్టు తుంచి నమిలాను. పళ్ళకి అతుక్కుపోయింది. వడ్డించే అన్న చూసి, "నమలగూడదు సామీ, పులుసులో అద్దుకుని మింగల్ల" అన్నాడు. ప్రయత్నించాను. సగం ముద్ద తినగలిగాను, అంతే. నిజంగా నచ్చలేదు, ఇప్పటికీ పెద్దగా నచ్చదు. ఆయన ఏమీ అనకుండా కొంచెం అన్నం, పెరుగు తెచ్చి పెట్టాడు. నేను మాత్రం ఆ సగం ముద్దకి పేరేమీ పెట్టలేదు. నచ్చకపోవడానికి మనకి హక్కుంది. తినేవాళ్ళని చిన్నబుచ్చడానికి లేదు. ఈ రెండిటికీ తేడా తెలియడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది.

సంగటి గురించి వాడు కారులో ఒక మాట చెప్పాడు. వాళ్ళ జేజికి (వాళ్ళ వైపు నానమ్మని అలా పిలుస్తారు) సంగటి అంటే అంత ఇష్టం ఉండదట. ఆమె చిన్నప్పుడు వరన్నం పండగ రోజే. సంగటి తప్ప ఇంకేమీ లేని రోజులు ఆమెకి గుర్తు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ అన్నం తినడమే ఆమెకి గొప్ప. ఇప్పుడు మనం హోటల్‌కి వెళ్ళి అన్నం కంటే ఎక్కువ డబ్బులిచ్చి సంగటి తింటుంటే ఆమె నవ్వుతుందట. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, రాగుల్లో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, ఇవన్నీ నిజాలే. కానీ జేజి అన్నదీ నిజమే. కాబట్టి 'అబ్బా, పాతకాలం తిండి ఎంత ఆరోగ్యమో' అని మరీ కవిత్వం చెప్పే ముందు, అది ఎవరికి ఇష్టంగా తిన్న తిండో, ఎవరికి గత్యంతరం లేక తిన్న తిండో అడగడం మంచిది.

*

నా ఫ్రెండ్స్ కొందరు అభ్యంతరాలు చెప్పారు. వాటికీ సమాధానం ఇవ్వాలి.

"చిన్న హోటల్లో తింటే కడుపు పాడైతే?" న్యాయమైన భయమే. రేపు ఎగ్జామ్ పెట్టుకుని ఎవరూ ప్రయోగాలు చెయ్యొద్దు. కానీ శుభ్రతకి, బోర్డ్ సైజ్‌కి సంబంధం లేదు. చిన్న హోటల్లో వంట మన కళ్ళ ముందే జరుగుతుంది, పెద్దదాంట్లో తలుపు వెనకాల జరుగుతుంది. ఊరివాళ్ళు ఎక్కువగా తింటున్న చోట, అప్పుడే పొయ్యి మీద నుంచి దింపింది తినండి. నీళ్ళ బాటిల్ మీది మీరు పట్టుకెళ్ళండి. అంతవరకు చాలు.

"నాకు అలర్జీ ఉంది", "నేను మాంసం తినను." అయితే అడిగి తినండి. ముఖ్యంగా పల్లీలు పడనివాళ్ళు సీమ వైపు తప్పకుండా అడగాలి, చట్నీల్లో, పొడుల్లో, కూరల్లో చాలా చోట్ల ఉంటాయి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నాకైతే అడగడం వల్లే మొత్తం కథ తెలిసింది.

"డబ్బులు?" ఐదుగురం కడుపు నిండా తిన్నా, నేను సేవ్ చేసి పెట్టుకున్న హైవే రెస్టారెంట్‌లో ఇద్దరి బిల్లంత కూడా కాలేదు. ఈ పాయింట్ మీద ఇంక వాదన లేదు.

"తిండి గురించి ఇంత అవసరమా? మనది తెలుగు క్లబ్ కదా?" ఇది మా క్లబ్‌లోనే ఒకరు అడిగారు. నాకైతే ఇది తెలుగు గురించే. బొరుగులు, మరమరాలు. చెనక్కాయలు, వేరుశెనగలు, పల్లీలు. జేజి, నానమ్మ. 'తినాలి' అని నేనంటే 'తినల్ల' అని వాడంటాడు. నా పుస్తకాల్లో ఉన్న తెలుగులో ఇందులో సగం మాటలు లేవు. ఊరిబిండికి ఇంగ్లీష్ మాట ఏంటని నేను వెతికితే దొరకలేదు, చివరికి తింటేనే అర్థమైంది. ఒక్కో మాటా ఒక్కో వంటింట్లో బతుకుతోంది. ఆ వంట ఆగిపోతే మాట కూడా మెల్లగా పోతుంది. మా రూమ్‌లో ఉగ్గాని అనే మాట దాదాపు పోయింది కదా, నా జోక్ వల్ల. వాడు యాసలో మాట్లాడటం కూడా మా దగ్గర తగ్గించాడని నాకు బనగానపల్లె బెంచీ మీదే తెలిసింది. పెద్దమ్మతో వాడు మాట్లాడుతుంటే, ఏడాదిగా నాతో ఉన్నవాడి గొంతు మొదటిసారి విన్నట్టనిపించింది. స్పీడ్ వేరు, నవ్వు వేరు. మాతో మాట్లాడేటప్పుడు వాడు ప్రతి వాక్యాన్నీ ముందే ట్రాన్స్‌లేట్ చేసుకుంటున్నాడు. ఇంగ్లీష్‌లోకి కాదు, మా తెలుగులోకి.

మన కాలేజీలో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, చిత్తూరు నుంచి ఖమ్మం దాకా అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. మనందరం మెస్‌లో ఒకే సాంబార్ తిని, ఒకే రకం సినిమా తెలుగు మాట్లాడి, నాలుగేళ్ళ తర్వాత ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోతాం. దీనికోసం ట్రిప్ వెయ్యక్కర్లేదు కూడా. పక్క రూమ్ తలుపు కొట్టి, మీ ఊళ్ళో పొద్దున్నే ఏం తింటార్రా అని అడిగితే చాలు.

ట్రిప్ నుంచి వచ్చాక నేను వాడికి సారీ చెప్పాను. "దేనికి?" అన్నాడు. స్టిక్కర్ డిలీట్ చేశానని చెప్పాను. "ఫోనీలేరా" అని ల్యాప్‌టాప్ తెరుచుకున్నాడు. ఇంకేం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆ శనివారం రాత్రి అటక మీద సంచీ దింపి చూస్తే బొరుగులు మెత్తబడిపోయి ఉన్నాయి. ఊరంతా తిరిగి కొత్తవి కొనుక్కొచ్చాను. కొట్టులో 'బొరుగులు' అని అడిగితే షాపాయనకి అర్థం కాలేదు. అయినా మరమరాలు అనలేదు, వేలుతో చూపించి తెచ్చుకున్నాను.

ఆదివారం మేం క్రికెట్‌కి వెళ్ళలేదు. బజ్జీలకి పిండి కలిపింది నేనే, కొంచెం పల్చనైంది. వాడు తాలింపు పెడుతున్నప్పుడే నలుగురం ప్లేట్లు కడుక్కుని వరసగా కూర్చున్నాం.

సెమిస్టర్ సెలవలకి మీరందరూ ఊళ్ళకి వెళ్తారు కదా. వచ్చేటప్పుడు మీ వైపు తప్ప ఇంకెక్కడా వినిపించని ఒక వంటకం పేరు, అది ఎలా చెయ్యాలో, ఎలా తినాలో రాసి క్లబ్‌కి పంపండి. మీ ఇంట్లో ఏ మాటతో చెప్తే ఆ మాటతోనే రాయండి, మాకోసం మార్చొద్దు. అర్థం కాకపోతే మేమే అడుగుతాం.